నేల ముట్టే ముందు

"మెడ మీద పడితే మనిషి బతుకుతాదేటే? బతికినా అదో బతుకా? మంచంలో ఏసి ఎత్తి పొయ్యాల. నానున్నన్నాళ్లు ఫరవాలేదు. నా తరవాత నిన్నెవులు సూత్తారు?"

కాంతం ఈ మాట అన్నప్పుడు ఎవరూ ఎక్కడి నుంచీ పడలేదు. ఆమె కూతురు నిఖిత ముందుగదిలో చాప మీద అరచేతులు ఆన్చి, కాళ్లు రెండూ ఒక్క ఊపున వెనక్కి విసిరి, పిల్లి గోడ దిగినట్టు చప్పుడు లేకుండా దిగింది. అంతే. దిగి, ఒళ్లు నేలకు ఆనీ ఆనకుండా ముందుకు పాకి, ఛాతీ ఎత్తి, మళ్లీ నడుము పైకి లేపి వెనక్కి జరిగింది. ఎక్కడా ఆగలేదు. ఒకదాన్లోంచి ఒకదాన్లోకి, గిన్నెలోంచి గిన్నెలోకి నూనె ఒంపినట్టు.

పెరట్లో గ్రైండరు తిరుగుతోంది. గాజువాకలో ఆ సందు సందంతటికీ దోసెల పిండి కాంతం ఇంటి నుంచే పోతుంది. పిండి చేత్తో గుమ్మం దాకా వచ్చి, కూతురు కాళ్లు గాల్లోకి లేచిన ఆ ఒక్క క్షణం చూసి, గుండె పట్టుకుని, మళ్లీ పెరట్లోకి పోవడం ఆమెకు రోజూ ఉన్నదే.

"అమ్మా, మొన్న గ్యాసు పేలిపోద్దన్నావు. అటు మొన్న మేడ మీద ట్యాంకు కూలిపోద్దన్నావు. ఏదైనా అయిందేటి?"

"నాను ముందే అనీసినాను గావట్టి అవలేదు."

నిఖిత నవ్వింది. కాంతానికి మాత్రం అది నవ్వులాట కాదు. కీడు అన్నది దొంగలాంటిది, ముందే పేరు పెట్టి అరిస్తే గోడ దూకి పారిపోతుందని ఆమె నమ్మకం. అందుకే ఇంట్లో ఎవరు చెప్పులు తొడుక్కున్నా ఏదో ఒకటి అరుస్తుంది.

"ఫుట్‌బోర్డు మీద నిలబడకు. ఆటోలో అంచున కూకోకు. ఆ కొత్త చాపలు జారతాయేమో సూసుకో."

"అలగేలే," అంటూ వెళ్లిపోయింది పిల్ల.

బీచిరోడ్డు వైపు దేవీప్రసాద్ అనే ఆయన నడిపే యోగా కేంద్రంలో నిఖిత టీచరు. చేరి రెండేళ్లవుతోంది. ఆగకుండా సాగే ఆ ఆసనాల వరసను వాళ్లు ఫ్లో అంటారు. కాంతం కంటికి మాత్రం అది తన తండ్రి శ్రీరామ్మూర్తి పద్మనాభం ఊళ్లో పశువులశాల పక్కన తెల్లారకుండా తీసిన దండీలే. తాతే మనవరాలికి నేర్పాడు. ముందు ఊపిరి కదలాల, దాని ఎనక ఒళ్లు కదలాల, అనేవాడు. ఆయన పోయాడు. ఆ ఊపిరి పిల్ల దగ్గర ఉండిపోయింది.

మధ్యాహ్నం కాంతం పిండి కవర్లకు ముడులు వేస్తుంటే నిఖిత ఇంటికొచ్చింది. రోజూ దీపాలవేళకు వచ్చే పిల్ల.

"ఏటే, బేగొచ్చీసినావు? జొరమా? బస్సులో ఎవుడైనా ఏదైనా అన్నాడా? ఎక్కడైనా పడిపోనావా?" పిండి చేత్తోనే నుదురు పట్టి చూసింది. తెల్లటి ముద్ర పడింది.

"రెస్టు తీసుకోమన్నారు."

"రెస్టంటే?"

"రేపట్నుంచి రావద్దని మర్యాదగా సెప్పడం." నిఖిత నుదురు తుడుచుకోలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చుంది. "టీచరు ట్రైనింగుకి కొత్త బ్యాచీ ఒచ్చింది కదా. అందులో ఒకావిడ అడిగింది, ఈ ఫ్లో ఎక్కణ్నుంచి ఒచ్చింది అని. గోడ మీద సారు పెద్ద పెద్ద అచ్చరాల్తో రాయించినారు, అయిదువేల ఏళ్ల గురుపరంపర అని. నాను సదివింది సెప్పినాను. ఆసనాల్లో పాతవి ఉన్నాయి. కానీ ఇలగ ఊపిరితో కలిపి పారించుకుంటూ పోడం మాత్రం ఓ నూరేళ్ల నాటిది, మైసూరు రాజుగారి కోటలో కుర్రాళ్లకి నేర్పిన కాడ ఈ రూపు కట్టిందంటారు, అందులో హఠయోగం ఉన్నాది, పయిల్వాన్ల కసరత్తులున్నాయి, తెల్లోళ్ల డ్రిల్లు కూడా కలిసిందని రాసినోళ్లున్నారు, అన్నాను."

"అంతేనా?"

"మరి నీకెవరు నేర్పినారు అంది. మా తాత అన్నాను. తాతకెవరు అంది. కంచరపాలెం తాలింఖానాలో కుస్తీ, కర్రసాము నేర్పే ఖాదర్ సాయిబుగారని ఉస్తాదు ఉండీవోరు, ఆయన నేర్పినారు అన్నాను."

"అయిందీ!" కాంతం చేతిలో కవరు జారి పిండి గచ్చు మీద పరుచుకుంది. "ఆ పేరెందుకే ఎత్తడం?"

"పేరే కదమ్మా అడిగింది."

కాంతం పిండి ఎత్తుతూ కూర్చుంది. అరచెయ్యి అంచుతో కూడదీసి, గిన్నెలోకి గీకి, మళ్లీ కూడదీసి. మొగుడు ఎల్లారావు ఫ్యాక్టరీలో క్రేను హెల్పరు. కాంట్రాక్టరు మారాడు, గేటు పాసు ఇంకా చేతికి రాలేదు, మనిషి నెలగా మంచమెక్కి ఫ్యాను చూస్తున్నాడు. ఇప్పుడు పిల్ల పనీ పోయిందా. ఇక ఏ మాల్లోనో పొద్దస్తమానం నిలబడే పని. రాత్రి ఆటోలు. నిర్మానుష్యమైన ఫ్లైఓవర్లు. ఆమె మనసు అప్పటికే ఆ ఆటో ఎక్కి, ఆ ఫ్లైఓవరు మీద, ఎవడో వెంటపడుతున్న బండి లైటు చూస్తోంది.

*

ఆ సాయంత్రం దేవీప్రసాద్ కాంతానికే ఫోను చేశాడు. తనెవరో అతను చెప్పగానే ఆమె అడిగిన మొదటి మాట, "పడిపోయిందా బాబూ?" పిల్ల పక్కగదిలో తలుపు వేసుకుని పడుకుని ఉందన్నది ఆ తర్వాత గుర్తొచ్చింది.

"అయ్యో, అదేం లేదమ్మా. రేపు ఒకసారి మీరు రాగలరా? మీతోనే మాట్లాడాలి. అమ్మాయికి చెప్పనక్కర్లేదు."

మర్నాడు మినపగుళ్లు తేవాలని చెప్పి బయల్దేరింది. బస్సులో చెంగు నోట్లో పెట్టుకుని కూర్చుంది. ఆ కేంద్రం మోటారుసైకిళ్ల షోరూము మీద రెండో అంతస్తు. లిఫ్టు మధ్యలో ఆగిపోతే తలుపు తీసేవాళ్లుండరని మెట్లెక్కింది. అద్దాల తలుపవతల పెద్ద హాలు, పాతికమంది, తలా ఒక చాప. ఎవరో లెక్క చెబుతున్నారు. పాతికమందీ ఒక్కసారి వంగారు, వెనక్కి ఎగిరారు, నేలకు దిగారు, ఛాతీలెత్తారు. దిగినప్పుడు చప్పుడు దభీమని వచ్చింది. తన పిల్ల దిగితే అలా రాదు అనుకుంది కాంతం. అనుకుని, ఈ పనికిమాలిన గర్వం ఇప్పుడెందుకని తనను తానే తిట్టుకుంది.

దేవీప్రసాద్ నలభై ఏళ్ల మనిషి, తెల్లలాల్చీ, మెత్తటి గొంతు. తనే స్వయంగా కుర్చీ జరిపాడు. మజ్జిగ తెప్పించాడు. తిట్టడానికి పిలిచాడేమోనని గుండె చిక్కబట్టుకుని వచ్చిన కాంతానికి ఈ మర్యాద చూస్తే మరింత భయం వేసింది.

"మీ అమ్మాయి బంగారమమ్మా. ఇలాంటి టీచరు నాకు మళ్లీ దొరకదు. నిన్న కోపంలో ఏదో అన్నాను. తర్వాత ఆలోచిస్తే, మీ నాన్నగారి కథలోనే పెద్ద విలువ ఉంది. పల్లెటూరి రైతు. తెల్లవారుజామున కఠోర సాధన. తాత నుంచి మనవరాలికి. ఇదే కదా పరంపర అంటే! ఒక చిన్న వీడియో తీద్దాం. మీరు మాట్లాడాలి. వెనక అమ్మాయి ఫ్లో చేస్తూ ఉంటుంది. అది బయటికి వెళ్లిందంటే అమ్మాయిని హెడ్ టీచర్ని చేస్తాను. పర్మనెంటు."

"నానేటి మాటాడతాను బాబూ? ఏడో తరగతి సదివినదాన్ని."

"నేను చెప్తాను, మీరు మీ భాషలోనే అనండి. హిమాలయాల నుంచి సింహాచలం యాత్రకు ఒక సాధువు వచ్చారు. దారిలో మీ నాన్నగారి పొలం దగ్గర ఆగారు. ఈ విద్య ఉపదేశించి వెళ్లిపోయారు. అంతే."

"మా నాన్న ఏ సాధువునీ ఎరగడండి."

"వచ్చే ఉంటారమ్మా ఎవరో ఒకరు. సింహాచలం రాని సాధువుంటాడా?" నవ్వాడు.

కాంతం మజ్జిగ గ్లాసు రెండు చేతులా పట్టుకుంది. "మరి ఖాదర్ సాయిబుగారో?"

"ఆ పేరు ఒక్కటి వద్దు. తప్పని కాదు. నాకేం లేదు, నా దోస్తుల్లోనే ముస్లింలు ఎందరున్నారు! చూసేవాళ్లు వేరేగా అనుకుంటారు. తాలింఖానా, కుస్తీ, ఇవన్నీ ఎందుకు మనకి? యోగా అంటే యోగాలా ఉండాలి."

"అలగనకపోతే?"

ఆయన కాసేపు అద్దం అవతల వంగుతున్న వీపుల వైపు చూశాడు. "అనకపోతే ఏముందమ్మా. అమ్మాయి రెస్టు తీసుకుంటుంది."

తండ్రి ఫోటో ఏదైనా ఉందా అని అడిగితే ఫోనులో ఉన్నది చూపించింది. కర్రసాము చేస్తూ, కర్ర భుజం మీదుగా తిప్పుతూ, పంచె గోచీ పెట్టిన శ్రీరామ్మూర్తి. దేవీప్రసాద్ దాన్ని తన ఫోనులోకి పంపించుకున్నాడు. ఎల్లుండి వీడియో అన్నాడు. మెట్లు దిగుతుంటే కాంతానికి ఒప్పుకున్నట్టు గుర్తులేదు. ఒప్పుకోనన్నట్టు కూడా గుర్తులేదు.

మినపగుళ్లు కొనడం మాత్రం మర్చిపోయింది.

*

"హిమాలయాల్నుంచి సాదువుగారు... సింహాసెలం ఎల్తా ఎల్తా... మా పొలం గట్టు మీద..." పెరట్లో పిండి కలుపుతూ గొణుక్కుంటోంది కాంతం. చెయ్యి ఒక చుట్టు తిరిగితే ఒక మాట. గట్టు దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ మాట మరిచిపోతోంది.

పక్కింటి గంగాలమ్మ గిన్నె పట్టుకుని వచ్చి గోడ మీద మోచేతులు ఆన్చింది. "ఏటప్పా, సాదువంతన్నావు, సింహాసెలమంతన్నావు. మొక్కేటైనా ఉన్నాదేటి? మాకు సెప్పకుండా కొండెక్కీసి పెసాదమంతా ఒక్కదానివే తినీసేత్తావా?"

"ఏం లేదొలే. ఊరికినే."

"ఊరికినే సాదువులు గుర్తుకొత్తన్నారంటే ఎల్లారావుని ఒగ్గీసి పోతావేటి?" గంగాలమ్మ పకపకా నవ్వింది. పిండి పోయించుకుని, పులుపు చాల్లేదని ఒక మాట అని, వెళ్లిపోయింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో నిఖిత.

"నీకు సారు ఫోను సేసినారా?"

కాంతం పిండి వైపు చూసింది.

"నాకూ సెప్పినారులే, నిన్న ఫోను సేసి ముందుగాల నాకే సెప్పినారు. నాను కుదరదన్నాను. అందుకే నిన్ను పట్టుకున్నారు. అమ్మా, నువ్వు సూసినావా ఆ సాదువుని?"

"నాను పుట్టకముందు ఒచ్చినాడేమో."

"అమ్మా!"

"ఏటే అమ్మా అమ్మా? మీ నాన్న పాసు సంగతి తెలుసుగదా? రేపు ఈ పని పోతే నువ్వెక్కడ తేల్తావు? ఎక్కడో ఓ సోట రాత్రి పన్లో పెడతారు, పొద్దున్న పేపర్లో ఏత్తారు. పేరేటే? పోయినోడి పేరు. ఆయన ఒచ్చి అడుగుతాడేటి, నా పేరు ఎందుకు సెప్పలేదని?"

"అడగడు. అందుకే సెప్పాల."

కాంతం ఎప్పుడూ చేసేదే చేసింది. పిండి చెయ్యి కొంగుకు తుడుచుకుని, కూతురి కుడిచెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది. "నా మీద ఒట్టు. ఎల్లుండి నువ్వొత్తావు. ఎనక నిలబడి ఆ ఎగరడాలు ఎగురుతావు. నోరిప్పవు. ఇప్పితే నన్ను సూడవు."

నిఖిత చెయ్యి లాక్కోలేదు. అలా తల్లి నెత్తిన, నూనె రాసిన పాపిడి మీద ఉంచి, చాలాసేపు నిలబడింది. తర్వాత చెయ్యి తనంతట తనే కిందకు జారింది. ఆ సాయంత్రం అన్నం పెడితే తింది. మంచినీళ్లడగలేదు, తనే లేచి ముంచుకుంది. మర్నాడంతా గదిలోంచి మాట రాలేదు. తెల్లవారుజామున చాప పరిచిన చప్పుడు కూడా రాలేదు. గ్రైండరు ఆపి మరీ విన్నది కాంతం.

"దాని నోరు కట్టీసినావు," అన్నాడు ఎల్లారావు మంచం మీంచి, ఫ్యాను వైపే చూస్తూ. "మీ నాన్నే ఉంటే ఏటనీవోడో?"

"మా నాన్నే ఉంటే నన్నెందుకు పిలుత్తారు?" అంది కాంతం. అని, ఆ మాట తన చెవికే ఏదోలా వినిపించి, పోపు మాడుతోందని లేచిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

*

హాలంతా ఖాళీ చేయించారు. ఒక మూల కెమెరా, గుండ్రటి లైటు. కాంతానికి పీట వేశారు. ఆమె తన పట్టుచీర కట్టుకుని వస్తే, మరీ పెళ్లికొచ్చినట్టుందని దేవీప్రసాద్ ఒక నేతచీర తెప్పించాడు. పక్కన ఇత్తడి సెమ్మె తెచ్చి పెట్టి, వత్తులేసి, తనే వెలిగించాడు. "ఫ్రేములో బాగుంటుంది," అన్నాడు కెమెరా అతనితో.

వెలిగించిన దీపం ముందు అబద్ధమాడితే పిల్లలకు తగులుతుందని కాంతం ఇంట్లో చంటివాళ్లకు కూడా తెలుసు. దీపం వద్దు బాబూ అందామనుకుంది. ఎందుకమ్మా అంటే ఏం చెప్పాలి? కాళ్లు ముడుచుకుని దీపానికి కాస్త ఎడంగా జరిగింది. కెమెరా అతను మళ్లీ దగ్గరకు జరిపించాడు.

అప్పుడు ఫోటో తెచ్చారు. నిలువెత్తు చేయించారు. తండ్రిని అంత పెద్దగా చూసి కాంతానికి కళ్లు నిండాయి. తర్వాత ఏదో తేడా కనిపించింది. పంచె కాషాయమైంది. మెళ్లో రుద్రాక్షలు. అవన్నీ సరే. చేతిలో కర్ర లేదు. కర్ర చెరిపేశారు. కానీ చెయ్యి అలాగే ఉంది, భుజం మీద, పిడికిలి బిగించి, లోపల ఏమీ లేని పిడికిలి. పోగొట్టుకున్నది ఇంకా ఉందనుకుని పట్టుకున్నట్టు.

"బాబూ, కర్ర..."

"కర్ర ఉంటే రౌడీలా ఉంటారమ్మా," అన్నాడు దేవీప్రసాద్ లాలనగా. "చూడండి, ఇప్పుడెంత ప్రశాంతంగా ఉన్నారో."

నిఖిత లోపలి గదిలోంచి వచ్చింది. తల్లి వైపు చూడలేదు. ఫోటో వైపు చూసింది; ఒక్కసారే. వెనక చాప చివర నిలబడింది.

"అమ్మా, నేను అడుగుతాను, మీరు చెప్పండి. నిఖితా, నువ్వు మొదలుపెట్టు. అమ్మ మాట్లాడుతున్నంతసేపూ ఆగకుండా చెయ్యి. సైలెన్స్."

కెమెరా మీద ఎర్రచుక్క వెలిగింది.

కాంతం మెడ తిప్పి చూసింది. చూడకూడదని చెప్పారు, అయినా చూసింది. పిల్ల మొదలుపెట్టడం ఆమె ఇన్నేళ్లలో ఎన్నడూ చూడలేదు. ఎప్పుడూ మధ్యలో, ఎగిరే వేళకే, గుమ్మంలోకి వచ్చేది. ఇప్పుడు చూస్తోంది. నిఖిత చాప మీద కాలు పెట్టలేదు. ముందు చాప అంచు మడిచి, ఉత్త నేలను కుడిచేతి వేళ్లతో ముట్టి, ఆ వేళ్లు నుదుటికి తెచ్చుకుంది. పెదాలు కదిలాయి.

తాలింఖానాలో నేర్చినవాళ్లెవరైనా అంతే. మట్టి ముట్టి, నుదుట పెట్టుకుని, ఉస్తాదు పేరు చెప్పుకుని గాని కసరత్తు మొదలుపెట్టరు. పేరు చెప్పనిదే నేల మనల్ని పట్టుకోదు అనేవాడు శ్రీరామ్మూర్తి. ఆయనతోపాటే పోయిందనుకుంది ఆ అలవాటు కాంతం. పోలేదు. చప్పుడు లేదు, కానీ ఆ పెదాల మీది మాట ఆమెకు తెలుసు. చిన్నప్పుడు తండ్రి పక్కన, అదే పెదాల కదలిక, పొద్దుటే, ఎన్నిసార్లు చూడలేదు! రోజూ ఈ పిల్ల ఆ పేరు పట్టుకునే గాల్లోకి లేచింది. ఆ పేరు పట్టుకునే దిగింది. గుమ్మంలో తను గుండె పట్టుకు నిలబడ్డ అన్ని రోజులూ.

ఇప్పుడు ఈ దీపం ముందు, పిల్ల ఒళ్లు గాల్లో ఉండగా, తను ఆ పేరు పీకేయాలి.

"అమ్మా," మెత్తగా అడిగాడు దేవీప్రసాద్, "మీ నాన్నగారికి ఈ విద్య ఎవరు నేర్పించారు?"

కాంతం నోరు తెరిచింది. హిమాలయాలు నాలుక చివర ఉన్నాయి. సింహాచలం ఉంది. పొలం గట్టు ఉంది. ఏదీ దిగలేదు.

వెనక పిల్ల ఎగిరింది. దిగింది. చప్పుడు రాలేదు. ఊపిరి ఒకటి వచ్చింది, పోయింది. ముందుకు పాకింది, లేచింది, వెనక్కి జరిగింది. మళ్లీ ఊపిరి.

"చెప్పండమ్మా. సాధువుగారు..." పెదాలతోనే అందించాడు దేవీప్రసాద్.

కాంతం చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. పని పోతుంది. పాసు రాదు. గంగాలమ్మ నవ్వుతుంది. రాత్రి ఆటో. ఫ్లైఓవరు. అన్నీ వరసగా వచ్చాయి, పాతచుట్టాల్లా, ఒక్కటీ మానలేదు. ఆమె వాటిని చూస్తూ కూర్చుంది. చెమట చెవి పక్కనుంచి నేతచీర మీదకు జారింది. కెమెరా అతను దేవీప్రసాద్ వైపు చూశాడు. దేవీప్రసాద్ ఆగమని చెయ్యి చూపించాడు. వెనక పిల్ల ఆగలేదు. ఆగొద్దన్నారు గనక, తల్లి మాట్లాడేదాకా ఆగదు. ఊపిరి వస్తూనే ఉంది, పోతూనే ఉంది, ఇంకొంచెం బరువుగా, ఇంకొంచెం వేగంగా. చేతులు వణకడం మొదలుపెట్టాయి. అది కూడా వినిపిస్తోంది కాంతానికి, చాప కింద నేల మీద.

ఫోటోలో తండ్రి ఖాళీ పిడికిలి అలాగే ఉంది.

"అమ్మా? వినపడిందా? ఎవరు నేర్పారు?"

కాంతం కొంగు సర్దుకుంది. కెమెరా వైపు కాదు, వెనక్కి, కూతురి వైపు తిరిగి కూర్చుంది. ఒట్టు పెట్టించుకున్న నెత్తిని చేత్తో ఒకసారి తుడుచుకుంది, ఏదో తీసి పక్కన పెట్టినట్టు.

"ఖాదర్ సాయిబుగారు నేర్పినారు బాబూ," అంది. "కంచరపాలెం ఖాదర్ సాయిబుగారు."